మా శిరీష కాన్పు రోజు, నా షాపు తాళం

దయ్యం, గాలి, చేతబడి అని ఎవరైనా మొదలుపెడితే నేను టీ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయే రకం. ముప్పై నాలుగేళ్ళుగా దుమ్ముగూడెంలో మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాను. కాలిపోయిన నీళ్ళ మోటారు తెచ్చిస్తే పాత రాగి తీగ పీకేసి కొత్త తీగ చుట్టి ఇస్తాను. మీటరు పెడితే ముల్లు కదలాలి. కదిలితే కరెంటు ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు. ఇంతకు మించిన శాస్త్రం నాకు రాదు.

ఒకసారి ఒక మిర్చి రైతు వచ్చి, బావిలో దయ్యం ఉంది, మోటారును నడవనియ్యడం లేదు అన్నాడు. అప్పటికే నిమ్మకాయలు కట్టాడు, కోడిని కూడా కోశాడు. నేను పోయి స్టార్టరు డబ్బా విప్పితే లోపల బల్లి ఇరుక్కుని చచ్చి ఉంది. "కోడి నీ కడుపుల పడ్డది, బల్లి నాకు మిగిల్చినవ్" అని అందరి ముందూ నవ్వాను. మోటార్ల వీరభద్రం దేవుణ్ణీ నమ్మడు, దయ్యాన్నీ నమ్మడు అని మా వైపు పేరు. ఆ పేరు నాకు బాగానే ఉండేది.

అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పకపోతే అదీ ఒక రకం అబద్ధమే.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. ఆమె పేరు సీతమ్మ. వాడలో ఎవరికి నొప్పులు మొదలైనా అమ్మ చేతిలో పని వదిలేసి అక్కడికి పరుగెత్తేది. మంత్రసాని కాదు. ఆమె చేసేదల్లా ముళ్ళు విప్పడం. ముందు తన కొప్పు విప్పుకునేది. తర్వాత ఆ ఇంట్లో పెట్టెల తాళాలు తీయించేది, బిందెల మీద మూతలు తీసేది, మూటలు విప్పేది, చివరికి కొట్టంలో బర్రెల పలుపులు కూడా విప్పేది. "బిడ్డకు తొవ్వ దొరకాలంటే ఇంట్ల ఏదీ మూసి ఉండొద్దురా" అనేది. ఒకసారి ఆమె విప్పిన బర్రెలు పోయి పక్కవాళ్ళ మొక్కజొన్న చేను మేసేశాయి. ఆ రోజు నేను అమ్మను చాలా తిట్టాను. తిట్లన్నీ విని ఆమె అన్నది ఒక్కటే, "పిల్లగాడు పుట్టిండు కదరా."

విప్పిన దారాన్ని మాత్రం ఎప్పుడూ పారేసేది కాదు. చింతగింజ చుట్టూ చుట్టి ఉండ చేసి బొడ్లో దోపుకునేది. మా ఇంట్లో ఏ గూట్లో చెయ్యి పెట్టినా ఆ దారపు ఉండలే తగిలేవి.

అమ్మ పోయి నాలుగేళ్ళు. మనుమరాలు శిరీష బిడ్డను ఎత్తుకోవాలని ఒకటే కోరిక ఉండేది. అది తీరకుండానే పోయింది. తర్వాత రెండేళ్ళకు శిరీషకు మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. నాకు ఒక్కతే కూతురు. దాని ముఖం చూడలేక ఆ రోజు షాపుకు పోయి కూర్చున్నాను. చేతిలో ఉన్న మోటారుకు తప్పు కనెక్షన్ ఇచ్చి కాల్చేశాను. నా సర్వీసులో అట్లా కాల్చింది అదొక్కటే.

అందుకని ఈసారి తొమ్మిదో నెల నిండేదాకా ఇంట్లో ఎవరమూ గట్టిగా ఊపిరి పీల్చలేదు. నెలలు నిండేసరికి వానలు పట్టాయి. గోదావరి పెరుగుతోంది. మా వైపు ఇది అలవాటే, నది పెరుగుతోందంటే నెలలు నిండిన ఆడవాళ్ళను ముందే భద్రాచలం తరలిస్తారు. మా ఊరి నర్సమ్మ వచ్చి ఇక ఇంట్లో ఉండొద్దని చెప్పింది. నేను, నా భార్య సుగుణ, మా అక్క నాగమ్మ కలిసి శిరీషను ఆటోలో ఎక్కించుకుని బయలుదేరాం.

పోయే ముందు షాపు మూశాను. బల్ల మీద ఒక మోటారు సగం పనిలో ఉంది. తీగ చుట్టడం అయిపోయింది. ఆ చుట్లు కదలకుండా నూలు దారంతో రెండు వైపులా ముడి మీద ముడి వేసి బిగించాను. వార్నిష్ పొయ్యడం ఒక్కటే మిగిలింది. చెమ్మకు వార్నిష్ ఆరదని అట్లాగే వదిలేసి, షట్టర్ దించి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. రెండో తాళంచెవి గోదాట్లో పడిపోయి తొమ్మిదేళ్ళవుతోంది. ఉన్నది ఈ ఒక్కటే. ఇంటి తాళంచెవి మాత్రం పక్కింటి వాళ్ళకు ఇచ్చాం.

భద్రాచలంలో ఒక దవాఖానాలో చేర్పించాం. మూడో రోజు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. మొదటి కాన్పు, టైం పడుతుంది అన్నారు. పది దాటింది, పన్నెండు దాటింది. శిరీష అరుపులు వరండాలోకి వినబడుతున్నాయి. కాన్పు ఆడదానికి పునర్జన్మ అని వినడమే తప్ప, తండ్రిగా తలుపు బయట నిలబడి వినడం ఎట్లా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. సుగుణ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

మా అక్క మాత్రం పని మొదలుపెట్టింది. ముందు తన కొప్పు విప్పుకుంది. తర్వాత సుగుణ జడ. మా సంచుల ముళ్ళు, టిఫిను గిన్నెల మూతలు, మందు సీసా మూత, చివరికి నా చెప్పుల పట్టీలు. అక్కడితో ఆగిందా? వరండాలో కూర్చున్న వాళ్ళందరి దగ్గరికీ పోయింది. "అమ్మా, మా పిల్లకు కష్టంగ ఉన్నది. జర మీ మూటలు ఇప్పుండ్రి" అని అడిగింది. నేను తల దించుకున్నాను. కానీ ఎవరూ కాదనలేదు. అడవి ఊరి నుంచి మనుమరాలి కోసం వచ్చిన ఒక ముసలమ్మ తన భాషలో ఏదో అంటూ నవ్వి, కొంగున కట్టుకున్న ఆకూవక్కల ముడి విప్పేసింది. పంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన గొడుగు తెరిచి పక్కన పెట్టాడు. పది నిమిషాల్లో ఆ వరండాలో మూత ఉన్న గిన్నె లేదు, ముడి ఉన్న మూట లేదు. పప్పు వాసన, మామిడికాయ పచ్చడి వాసన గుప్పున కొట్టాయి. ఊడ్వడానికి వచ్చిన ఆయమ్మ "ఇదేందమ్మా, పెండ్లి పందిరా?" అని నవ్వింది. ఆ కంగారులోనూ సుగుణ ముఖంలో కూడా కొంచెం నవ్వు కనబడింది.

అప్పుడు అక్క నా వైపు తిరిగింది.

"తమ్మీ, నీ షాపు తాళం?"

"షాపు తాళానికేందే?"

"ఫోన్ చేసి పక్కింటోళ్ళతోని ఇల్లు తీయించిన. షాపు ఒక్కటే మూసి ఉన్నది. పైంగ నీ పనే ముళ్ళేసుడు. బల్ల మీద ఏమన్న కట్టి వదిలిపెట్టొచ్చినవా?"

నాకు ఒళ్ళు మండింది. "అక్కా, తాళం తీస్తే కాన్పు అయితదా? గట్లయితే డాక్టర్లెందుకు, ఊరికో తాళాలు బాగుచేసేటోణ్ణి పెడితే సరిపాయె" అన్నాను. అయినా పోదామన్నా దారి లేదు. మా ఊరి రోడ్డు మీదికి పొద్దున్నే నీళ్ళు వచ్చాయి.

రెండున్నరకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు, మాట నెమ్మది. బిడ్డ దిగడం లేదని, గుండె కొట్టుకోవడం మధ్య మధ్య తగ్గుతోందని చెప్పింది. ఆపరేషన్ చేయాలంటే మత్తు డాక్టరు కావాలి. ఆయన నది అవతల ఉన్నాడు. నీళ్ళు ఎక్కువై వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా అల్లుడు నరేష్ కూడా మణుగూరు నుంచి బయలుదేరి ఆ అవతలే నిలబడి నిమిషానికోసారి ఫోన్ చేస్తున్నాడు. ఖమ్మం తీసుకుపోవాలన్నా అదే వంతెన దాటాలి.

"నాలుగు దాకా చూద్దామండీ. మేం చేయాల్సింది చేస్తున్నాం. అమ్మాయి ధైర్యంగానే ఉంది" అని చెప్పి లోపలికి పోయింది.

ఎంత పాడైన మోటారైనా నా దగ్గరికి వస్తే ఏదో ఒకటి చేస్తాను. ఇక్కడ నా చేతులకు పని లేదు. వరండా చివర కిటికీ ఉంది, అక్కడికి పోయి నిలబడ్డాను. బయట వాన.

ఇప్పుడు చెప్పేది ఇరవై రోజుల దాకా ఎవరికీ చెప్పలేదు. జేబులోంచి షాపు తాళంచెవి తీశాను. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి చూసుకున్నాను. కిటికీ వైపు తిరిగి, ఎదురుగా తాళం ఉన్నట్టే తాళంచెవిని గాలిలో పెట్టి ఎడమకు తిప్పాను. నా తాళం రెండు చుట్లకు తెరుచుకుంటుంది. మొదటి చుట్టు తిప్పాను. "అమ్మా, నాకు చాతగాదే, నువ్వే చూసుకో" అన్నాను. పైకే అన్నాననుకుంటా. రెండో చుట్టు తిప్పుతుంటే చేతికి బరువు తగిలింది. తుప్పు పట్టిన తాళం తెరుచుకునే ముందు ఒక పట్టు పడుతుంది కదా, అట్లా. నా చెయ్యి వణకడమే అయి ఉండవచ్చు. నేను దాన్ని సాక్ష్యం అనడం లేదు.

తాళంచెవి జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాను. ఒక్క నిమిషం గడిచిందో లేదో నాకు తెలియదు. ఫోను మోగింది. మళ్ళీ అల్లుడే అనుకున్నాను. కాదు, మా షాపు ఎదురుగా టీ హోటల్ పెట్టిన లక్ష్మయ్య.

"అన్నా, ఎప్పుడొచ్చినవ్? రోడ్డు మీద నీళ్ళున్నయి కదా, ఎట్ల దాటినవ్?"

"నేనెక్కడొచ్చిన? భద్రాచలంలనే ఉన్న."

"ఊకో అన్నా! ఇప్పుడే గర్రుమని షట్టర్ లేచిన సప్పుడైంది. తిరిగి చూస్తే సగం దాకా లేచి ఉన్నది. తాళం కొక్కేనికి ఏలాడుతున్నది. లోపల ఉన్నవనుకోని చాయ్ తెమ్మంటవా అని అడుగుదామని ఫోన్ చేస్తున్న..."

నేను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను. తాళంచెవి ఉంది. ఏదో అనబోయాను. అప్పుడే లోపలి నుంచి ఏడుపు వినిపించింది. శిరీషది కాదు. చిన్నది, కోపంగా ఉన్న ఏడుపు.

వరండా మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది. లక్ష్మయ్య ఫోనులో "అన్నా, ఉన్నవా?" అంటూనే ఉన్నాడు. దవాఖానా నర్సు తలుపు తీసి "ఆడపిల్ల! తల్లీబిడ్డా బాగున్నారు" అంది. మా అక్క "నీ నోట్ల చక్కెర పొయ్య!" అని ఆమెను వాటేసుకుంది. విప్పిన జుట్టుతో సుగుణ ఏడుస్తూ నవ్వుతోంది. అడవి ఊరి ముసలమ్మ తన ఆకూవక్కలు అందరికీ పంచింది. నేనూ వేసుకున్నాను, నాకు అలవాటు లేదు, నోరంతా మండింది.

డాక్టరమ్మ బయటికి వచ్చి చెమట తుడుచుకుంటూ, బిడ్డ ఉన్నట్టుండి తిరిగి దారిలోకి వచ్చిందని, ఇట్లా అప్పుడప్పుడు జరుగుతుందని చెప్పింది. అప్పుడప్పుడు జరుగుతుంది. ఆ మాట కూడా ఇక్కడ రాస్తున్నాను, నాకు అనుకూలమైనదే రాశానని ఎవరూ అనొద్దు. దవాఖానా కాగితంలో పుట్టిన సమయం మూడూ నలభై ఒకటి. నా ఫోనులో లక్ష్మయ్య కాల్ మూడూ నలభై రెండు.

బిడ్డను నా చేతుల్లో పెట్టారు. గోళ్ళు చూశాను. మెంతిగింజ కన్నా చిన్నవి, ఒక్కొక్కటీ పూర్తిగా ఉంది. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. వేల మోటార్లు నా చేతి మీదుగా పోయాయి. ప్రతిదానికీ ఎవరో ఒకరు తీగ చుట్టాలి, ఎవరో ఒకరు స్విచ్చు వెయ్యాలి. దీన్ని ఎవరు చుట్టారు? స్విచ్చు ఎవరు వేశారు? నాకు ఏడుపు ఆగలేదు. అరవై ఏళ్ళ మనిషిని, అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

ఐదో రోజు నీళ్ళు తీశాక ఇంటికి వచ్చాం. నేను ఇంట్లోకి పోకుండా ముందు షాపుకే పోయాను. కాన్పు రోజే, ఫోను పెట్టేశాక, లక్ష్మయ్య బయట నిలబడి కొక్కెం కర్రతో షట్టర్ కిందికి లాగి, తాళం నొక్కి వేశాడు. లోపల కాలు పెట్టలేదని పిల్లల మీద ఒట్టు వేశాడు. తాళం మీద గీత లేదు. నా షట్టర్ స్ప్రింగు బిగువు, రెండు చేతులతో ఎత్తితే గానీ లేవదు. లోపల కిలోల కొద్దీ రాగి తీగ ఉంది, ఒక్క ముక్క పోలేదు. నేల మీద దుమ్ము దుమ్ములాగే ఉంది, అడుగుల జాడ లేదు.

బల్ల మీద మోటారు మాత్రం నేను వదిలినట్టు లేదు. ముళ్ళన్నీ విప్పి ఉన్నాయి. ఒక్కో వైపు ఇరవై నాలుగు, మొత్తం నలభై ఎనిమిది. బిగించి వేసిన ముళ్ళవి, కోస్తే తప్ప రావు. ఎక్కడా కోసింది లేదు, తెంపింది లేదు. చుట్లు వదులై ఉన్నాయి. పక్కనే ఆ దారమంతా ఉండ చుట్టి పెట్టి ఉంది.

ఆ ఉండను జేబులో వేసుకున్నాను. ఇంట్లో ఏమీ చెప్పలేదు. చెప్తే అక్క ఊరంతా డప్పు కొట్టిస్తుంది.

ఇరవై ఒకటో రోజు బిడ్డను ఉయ్యాలలో వేస్తున్నాం. మొలతాడుకు గట్టి నూలు దారం కావాలంది అక్క. షాపు దారమని చెప్పి ఆ ఉండ ఇచ్చాను. పీటేసుకుని కూర్చుని, పసుపు గిన్నె పక్కన పెట్టుకుని, అక్క ఉండ విప్పుతోంది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వులు, పాటలు. చివరి చుట్టు కూడా ఊడింది. లోపలి నుంచి ఏదో టక్కున కింద పడి దొర్లింది.

చింతగింజ.

నా షాపులో చింతగింజ ఎందుకు ఉంటుంది?

అక్క దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు తిరిగి, "తమ్మీ, ఈ ఉండ ఎవలు చుట్టిండ్రు?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. లక్ష్మయ్య ఫోను, ముళ్ళు, కిటికీ దగ్గర గాలిలో తాళంచెవి తిప్పడం, అన్నీ చెప్పేశాను. సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శిరీష బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కుంది.

ముందు నవ్వింది అక్కే. కళ్ళు తుడుచుకుంటూ, "ఆమె ఊకుంటదారా? మునిమనుమరాలు పుట్టబోతుంటే రాకుంట ఊకుంటదా?" అంది. తర్వాత బిడ్డ వైపు తిరిగి, "చూసినవా, మీ జేజమ్మ బర్రెల పలుపులిప్పినట్టు నీకు తొవ్వ ఇప్పింది" అంది. బర్రెలనేసరికి శిరీషకు నవ్వు వచ్చింది. తర్వాత అందరికీ. ఆ దారాన్ని పసుపులో ముంచి పేని, మొలతాడు చేశారు. ముడి వెయ్యమని అక్క నాకే ఇచ్చింది. ముప్పై నాలుగేళ్ళుగా ముళ్ళు వేస్తున్న చెయ్యి, ఆ ఒక్క ముడి దగ్గర మూడుసార్లు తడబడింది.

అల్లుడు దొంగతనం అంటాడు. రాగి వదిలేసి దారం చుట్టి పెట్టే దొంగ ఉంటే చూపించమన్నాను. గోదాట్లో పడ్డ తాళంచెవి ఎవరికైనా దొరికిందేమో అని కూడా ఆలోచించాను. అదే తాళం వేసి వందసార్లు గుంజి చూశాను, సుత్తితో కొట్టాను, ఒక్కసారీ తెరుచుకోలేదు. మళ్ళీ నలభై ఎనిమిది ముళ్ళు కట్టి, కొయ్యకుండా విప్పి చూశాను. నాకే ఒక పూట పట్టింది, రెండు గోళ్ళు విరిగాయి. మీటరు పెట్టడానికి చోటు దొరకడం లేదు. తెలియదు అనడం తప్ప నాకు వేరే మాట లేదు. అది దయ్యమని మాత్రం ఎవరైనా అంటే ఊరుకోను, మా అమ్మ దయ్యమెట్లా అవుతుంది?

ఒక అలవాటు మాత్రం మారింది. ఊళ్ళో ఎవరికైనా నొప్పులు వచ్చాయని తెలిస్తే, అన్నం ముందు కూర్చున్నా సరే, లేచి పోయి షట్టర్ ఎత్తి వస్తాను. లక్ష్మయ్య ఎందుకని అడిగితే వార్నిష్ ఆరాలంటాను. వాడు నవ్వుతాడు, చాయ్ పంపిస్తాడు.

బిడ్డకు ఇప్పుడు ఏడాది దాటింది. శిరీష వచ్చినప్పుడల్లా దాన్ని షాపులో నా పక్కనే కూర్చోబెడుతుంది. నా పని మీద ఎవరైనా చెయ్యి వేస్తే నేను మనిషిని కాను, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఇది మాత్రం బల్ల పట్టుకుని నిలబడి, నేను కట్టిన దారం కొస దొరకబుచ్చుకుని ముడి తరువాత ముడి లాగుతుంది. అది విప్పుతుంది, నేను మళ్ళీ కడతాను.